పొంగు రాని రోజు

మెషీన్ తలుపు తీయగానే లోపలి ఆవిరి ఆయన ముఖానికి కొట్టింది. అలవాటుగా కళ్లు మూసుకుని, కుడిచెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చి, పెనవేసుకుపోయిన తడి దుప్పట్ల ముద్దలో ఒక కొస కోసం వెతికాడు. ఒక్క కొస దొరికితే చాలు, మిగతాదంతా దాని వెంటే వస్తుంది. దొరికింది. గమ్‌బూట్లు నేలకి తన్నిపెట్టి, నడుము వెనక్కి వాల్చి లాగాడు. అన్నీ ఆస్పత్రి దుప్పట్లే. నీళ్లు తాగాక ఒక్కొక్కటి పసిపిల్లంత బరువు తూగుతుంది.

రెండో కొస పట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఆయన ఆమెని చెల్లెమ్మా అంటాడు, ఆమె ఆయన్ని అన్నయ్యా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఒకే దుప్పటికి చెరో పక్కా వేలాడిన చుట్టరికమే. ఇద్దరూ కలిసి దుప్పటి విదిలించి, మెలికలు విప్పి, నీళ్లు పిండే మెషీన్‌లో గుండ్రంగా సర్దుతారు. అది తిరిగి ఆగాక తీసి, తోపుడు బండిలో వేసి, ఇస్త్రీ రోలర్ల దగ్గరికి ఆయనే తోసుకెళతాడు. మళ్లీ వచ్చి మెషీన్‌లోకి చెయ్యి పెడతాడు. ఆయన జీవితం గురించి ఎవరైనా అడిగితే ఇంతకన్నా పెద్దగా చెప్పేదేమీ లేదు.

పొట్టి మనిషి. మెడ పొట్టి, భుజాలు వెడల్పు. సోడాకి, వేడినీళ్లకి అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. కాలివేళ్ల మధ్య చర్మం ఎప్పుడూ తెల్లగా నాని ఉంటుంది, ఎందుకంటే ఆయన నిలబడే చోట మురికినీళ్ల జాలీ పూడిపోయి, నీళ్లు పోవు. గమ్‌బూట్లకి చిల్లులున్నాయి. కొత్తవి అడిగితే వస్తాయన్నారు. బూట్లు కదా, నడిచే వస్తున్నట్టున్నాయి.

ఈ మనిషిని లాండ్రీలో ఎదురుగా పెద్దాయనా అని పిలుస్తారు. పక్కకి తిరిగితే మాత్రం పొంగు.

ఆ మాట పుట్టిన రోజు అక్కడ పాతవాళ్లందరికీ గుర్తుంది. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో, ఒక దుప్పటి మడతలో ఎవరో నర్సు మరిచిపోయిన ఇంజక్షన్ సూది ఆయన అరచేతిలో కసుక్కున దిగింది. అప్పటిదాకా నోట్లో నాలుక లేనట్టున్న మనిషి ఒక్కసారిగా ఇంతెత్తున లేచాడు. బకెట్ తన్నాడు. సూపర్‌వైజర్‌ని, ఆస్పత్రిని, సూదులు చూడకుండా మూటలు కట్టేవాళ్లని కలిపి దులిపేశాడు. ఆ గొడవలో సబ్బునీళ్ల కుళాయి కట్టేయడం మరిచాడు. మెషీన్ మూతలోంచి నురగ పొంగి, నేలంతా పరుచుకుని, గుమ్మం దాటి మేనేజర్ గది దాకా వెళ్లింది. ఇస్త్రీ దగ్గర పనిచేసే రేడియో, అంటే నోరు ఆగని మనిషి కాబట్టి ఆ పేరు, అప్పుడే అన్నాడు, అటు మెషీనూ పొంగింది, ఇటు ఈయనా పొంగాడని. అందరూ పడీపడీ నవ్వారు. నురగ అందరూ చూశారు. సూది ఎవరూ చూడలేదు. అది ఆయన అరచేతిలోనే ఉంది, ఆయనే పీక్కుని, గోడ పక్కన పారేసి, మళ్లీ పనిలో పడ్డాడు.

అప్పట్నించీ అది మాటైపోయింది. కోపానికి మన దగ్గర పేర్ల కరువు లేదు. చిర్రుబుర్రులాడటం ఉంది, చిందులు తొక్కడం ఉంది, అగ్గిమీద గుగ్గిలం కావడం ఉంది. అవన్నీ మామూలు మనుషులకి. మేనేజర్ బల్ల గుద్ది అరిస్తే అది కోపం. సూపర్‌వైజర్ ఆడవాళ్ల మీద నోరు పారేసుకుంటే అది పని ఒత్తిడి. రేడియో ఎవరి కాలరైనా పట్టుకుంటే వాడికి రోషం ఎక్కువ. ఈయన అరిస్తేనే పొంగు. కోపానికైతే కారణం అడగాలి, పొంగుకి అడగక్కర్లేదు. అది వస్తుంది, పోతుంది. కొత్తగా చేరినవాళ్లకి సబ్బు ఎక్కడుంటుందో, సోడా ఎంత కలపాలో చూపించి, ఆ తర్వాత ఇదీ నేర్పుతారు. ముందు చెవులు ఎర్రబడతాయి. తర్వాత కుడిచెయ్యి వణుకుతుంది. దవడ బిగుసుకుంటుంది. అప్పుడు అందరూ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి, ముఖాలు అటు తిప్పుకోవాలి, ఎవరూ బదులు చెప్పకూడదు. పొంగులో అన్న మాటకి లెక్క లేదు. తగ్గాక ఏమీ జరగనట్టు పని మొదలుపెట్టాలి.

దీన్ని వాళ్లు దయ అనుకున్నారు. నిజంగానే అనుకున్నారు. వేరేచోటైతే ఎప్పుడో గెంటేసేవాళ్లని ఆయనకే చెప్పేవాళ్లు, ఆయనా అవునని తలూపేవాడు. ఇన్నేళ్లలో ఆయన జాలీ పూడిపోయిందని అరిచాడు, బూట్ల కోసం అరిచాడు, చెల్లెమ్మ జ్వరంతో నిలబడి ఉంటే ఇంటికి పంపమని అరిచాడు. మెల్లగా చెప్పిన రోజున ఎవరూ వినలేదు, అరిచిన రోజున అందరూ ముఖాలు తిప్పుకున్నారు. జాలీ అలాగే ఉంది.

మాట ఆగుతుందా, ఇంటికీ చేరింది. చెల్లెమ్మ ఒకసారి ఆయన భార్య దగ్గర నవ్వుతూ అంది, అంతే. ఇప్పుడు కూతురు ఫోన్లో స్నేహితురాలితో, "ఉండవే, మా నాన్నకి పొంగొచ్చింది, తర్వాత చేస్తా," అంటుంది. ఆ పిల్ల ఒక ఆఫీసులో రోజంతా ఫోన్లెత్తి, తిట్టేవాళ్లందరికీ ఓపిగ్గా జవాబు చెబుతుంది. ఇంట్లో తండ్రి గొంతు పెరిగితే మాత్రం చెవుల్లో పాటలు పెట్టుకుంటుంది.

అలాంటి ఆయనకి ఈ నెల మొదట్లో సూపర్‌వైజర్ ఒక మాటిచ్చాడు. మడతల గదిలో పనిచేసే ముసలామె మానేసింది. అది పొడి గది. కుర్చీలో కూర్చుని, ఇస్త్రీ అయి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి దొంతర్లు పేర్చడమే పని. కిటికీ కూడా ఉంది.

"నెలంతా పొంగు రాకుండా ఉండు పెద్దాయనా. ఆ కుర్చీ నీదే," అన్నాడు సూపర్‌వైజర్. "మధ్యలో ఒక్కసారి వచ్చిందా, ఇక నన్నడగొద్దు."

ఆయనకి ఆ కుర్చీ కావాలి. ఈమధ్య రాత్రుళ్లు కాళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి, మెట్లెక్కితే రొమ్ము పట్టేస్తోంది. ఇంత ఆశ ఆయన జీవితంలో దేనిమీదా పెట్టుకోలేదు. నెలంతా పళ్ల బిగువున లాక్కొచ్చాడు. చెవులు వేడెక్కితే కుళాయి కింద తల పెట్టాడు. ఇవాళ ఆఖరి రోజు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడి క్యారేజీ అందించింది.

"ఏమయ్యా, ఇవాళొక్కరోజు నోరు కుట్టేసుకో. నీకు దణ్ణం పెడతా."

"ఊఁ."

"ఊఁ కాదు. ఎవడేమన్నా సరే. ఆ రేడియోగాడు ఊరుకోడు, చెల్లెమ్మ చెప్పింది."

ఆమె చెప్పింది నిజమే. రేడియోగాడు ఊరుకోలేదు. నెలంతా పొంగు లేక లాండ్రీ చప్పగా ఉందని, ఆఖరి రోజైనా చూడకపోతే ఎలాగని వాడు పొద్దున్నే అందరి దగ్గరా వాపోయాడు. వాడిది ద్వేషమేమీ కాదు. ద్వేషమైతే ఎంతో కొంత గౌరవం ఉండేది. వాడికి తోచక.

మొదట గమ్‌బూటు. ఎడమకాలిది తొడుక్కోగానే లోపల చల్లగా, జిడ్డుగా తగిలింది. ఎవరో సబ్బుద్రావణం పోశారు. రోలర్ల దగ్గర చప్పుడు తగ్గింది, అందరి చెవులూ ఇటే ఉన్నాయి. ఆయన బూటు తీసి, బోర్లించి, కుళాయి కింద కడిగి, తడిదే తొడుక్కున్నాడు. చెల్లెమ్మ కొస అందించింది.

తర్వాత, ఆయన తలుపు తీసిన మూడో మెషీన్‌లో దుప్పట్లన్నీ గులాబీరంగులో ఉన్నాయి. ముద్ద మధ్యలోంచి ఒక ఎర్ర మేజోడు బయటపడింది. ఆస్పత్రి మూటల్లో ఎర్ర మేజోళ్లు ఉండవు. సూపర్‌వైజర్ వచ్చి, ఆ మేజోడు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"కళ్లు నెత్తికెక్కాయా? వేసేటప్పుడు చూడక్కర్లేదా? ఆస్పత్రివాళ్లకి పెళ్లి పందిరి పంపమంటావా?"

అందరూ నవ్వారు. ఆయన చెవుల అంచులు ఎర్రబడటం చెల్లెమ్మ చూసింది. మూటలు విప్పి మెషీన్‌లో వేసేది ఆయన కాదని సూపర్‌వైజర్‌కీ తెలుసు. ఆయన తల దించుకున్నాడు.

"మళ్లీ ఉతుకుతానండి," అన్నాడు.

"మళ్లీ ఉతుకుతాడట," అన్నాడు సూపర్‌వైజర్. వెళ్లిపోతూ రేడియో వైపు చూసి కన్ను గీటాడో, కంట్లో ఆవిరి పడిందో చెప్పలేం.

మధ్యాహ్నం అందరూ గోడవారగా కూర్చుని తింటున్నప్పుడు రేడియో తోపుడు బండి ఎక్కాడు. మెడ భుజాల్లోకి దించుకున్నాడు, కుడిచెయ్యి వణికించాడు, దవడ పక్కకి తిప్పాడు. అచ్చు ఆయనే.

"నీళ్లు పోవట్లేదయ్యా, నీళ్లు! నేను మనిషినా, కప్పనా? నా కాళ్లు చూడండయ్యా, కాళ్లు!"

ప్రతి అక్షరమూ ఆయన అన్నదే. ముఖాలు తిప్పుకుని నిలబడ్డవాళ్లకి ఇన్ని మాటలు ఎలా గుర్తున్నాయో మరి. విన్నారన్నమాట. ప్రతిసారీ పూర్తిగా విన్నారు. ఆ సంగతి ఆయనకి ఆ క్షణంలోనే తెలిసింది. చుట్టూ నవ్వులు. చెల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ ఆమె భుజాలు ఊగుతున్నాయి. ఇంతమంది నవ్వుతుంటే తనొక్కడే బిగుసుకుని కూర్చుంటే బాగుండదని ఆయన కూడా కొంచెం నవ్వాడు. ఆ రోజు మొత్తంలో ఆయన చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే.

క్యారేజీ సగంలో మూసేశాడు.

పొద్దు వాలుతున్నప్పుడు వచ్చింది. పిండే మెషీన్‌లో దుప్పట్లు సర్దుతుంటే రొమ్ము వెనక వేడి మొదలైంది. ఆయనకి ఆ వేడి తెలుసు. ఇన్నేళ్లుగా కడుపులోంచి రొమ్ములోకి, రొమ్ములోంచి గొంతులోకి ఎక్కే దారి అదే. వచ్చేసింది దిక్కుమాలిన పొంగు, ఇంత దాకా వచ్చి ఇప్పుడా, అనుకున్నాడు. చెయ్యి వణికింది. కుడిది కాదు, ఎడమది. ఎడమదేమిటా అని ఒక్క క్షణం తోచింది, అంతలో దవడ బిగిసింది, ఇక సందేహం లేకపోయింది. ఆయన పళ్లు కరిచిపట్టాడు.

ఎదురుగా చెల్లెమ్మ చూసింది. ఆయన నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచింది. చెమట ఆ గదిలో అందరికీ పడుతుంది. చెవులు మాత్రం ఎర్రబడలేదు, సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. ఆవిరిలో ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

"వస్తోంది, వస్తోంది," అన్నాడు రేడియో రోలర్ ఆపి.

ఒక్కొక్కరే పని వదిలి చేరారు. అలవాటు ప్రకారం అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ముఖాలు మాత్రం ఇవాళ తిప్పుకోలేదు.

"అన్నయ్యా, ఇంకెంతోసేపు లేదు. పట్టుకో," అంది చెల్లెమ్మ. మధ్యాహ్నం నవ్వినప్పట్నించీ ఆమెకి సిగ్గుగా ఉంది, ఇప్పుడైనా ఆయన వైపు నిలబడాలనిపించింది. "నోరు తెరవకు. తెరిచావంటే అంతా పోతుంది. నా మాట విను."

ఆయన విన్నాడు. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి అదుముతున్నట్టుంది. నొప్పిగా ఉంది చెల్లెమ్మా అందామనుకున్నాడు. కానీ నోరు తెరిస్తే ఆ మాట ఒక్కటే వస్తుందన్న నమ్మకం ఆయనకి లేదు. దాని వెనక గమ్‌బూటు, మేజోడు, తోపుడు బండి మీది కప్ప, అన్నీ తోసుకొచ్చేలా ఉన్నాయి. చేతిలో ఉన్న దుప్పటి కొస నోట్లో కుక్కుకుని గట్టిగా కొరికాడు. సబ్బు చేదు తగిలింది. మడతల గది తలుపు కొంచెం తెరిచి ఉంది, లోపల కిటికీ వెలుతురు నేల మీద పడుతోంది. దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.

నొప్పి పెరిగింది, ఇంకా పెరిగింది. ఆయన అరవలేదు.

సూపర్‌వైజర్ వచ్చి, గుంపుని చూసి, ఆయన్ని చూసి, చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. నిజానికి సూపర్‌వైజర్‌కీ ముచ్చటేసింది.

"చూశారా? మనిషి గట్టిగా అనుకుంటే ఆపుకోలేనిదంటూ ఉండదు. ఇన్నేళ్లూ ఈయన కావాలనే చేశాడు, నేనెప్పుడూ అంటూనే ఉన్నాను." భుజం తట్టాడు. "సరే పెద్దాయనా, గెలిచావు. రేపట్నించి మడతల గది. వెళ్లి కూర్చో."

ఎవరో చప్పట్లు కొట్టారు. రేడియో కూడా కొట్టాడు, వాడు ఓటమి ఒప్పుకోలేనివాడేమీ కాదు. ఆయన తల ఊపబోయినట్టు అనిపించింది. మోకాళ్లు మడిచి, మెల్లగా, ఎక్కడ కూర్చుంటున్నాడో చూసుకోకుండానే, విప్పని మాసిన మూటల మీద కూర్చున్నాడు. వెనక్కి చేరగిలబడ్డాడు. నోట్లో దుప్పటి కొస అలాగే ఉంది.

"సంతోషం పట్టలేకపోతున్నాడు," అన్నారెవరో.

"కాసేపు వదిలెయ్యండి. దానంతటదే తగ్గుతుంది," అన్నాడు రేడియో.

వదిలేశారు. అది వాళ్లకి బాగా వచ్చిన పని. చేతులు కడుక్కున్నారు, బట్టలు మార్చుకున్నారు, బండిలో మిగిలిన దుప్పట్లు ఎవరు రోలర్ దగ్గరికి తోయాలని కొంచెం వాదులాడుకున్నారు. చెల్లెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ తిరిగొచ్చి, "లే అన్నయ్యా, ఇంటికెళ్లి వదినకి చెప్పు," అని చెయ్యి పట్టుకుని లాగింది. తడి దుప్పటిని లాగే చెయ్యి ఆమెది. బరువు తేడా వెంటనే తెలిసింది.

డాక్టర్ కోసం పరుగులు తీశారు, కానీ అప్పటికే ప్రాణం పోయింది. మాసిన బట్టల మూటలు తెచ్చే ఆస్పత్రి వ్యాన్ గుమ్మం ముందే ఉంది. దాంట్లోనే ఎక్కించారు, దించాల్సిన మూటలు ఇంకా కొన్ని మిగిలి ఉంటే వాటి పక్కనే పడుకోబెట్టారు. పిడికిలి ఎంతకీ విడలేదు, పళ్లూ విడలేదు. దుప్పటి పొడవునా వెంట వేలాడుతుంటే డ్రైవర్ విసుక్కున్నాడు. చివరికి సూపర్‌వైజర్ కత్తెర తెప్పించి, దుప్పటిని ఆయన చేతి దగ్గర కోయించాడు. చేసిందంతా తను చేయలేదన్నట్టు రేడియో గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి ఫోన్ చేయడం సూపర్‌వైజర్ వంతయింది. అటు భార్య ఎత్తింది. లాండ్రీ నుంచి అనగానే ఆమె బతిమాలడం మొదలుపెట్టింది.

"మళ్లీ పొంగాడా బాబూ? ఈ ఒక్కసారికి మన్నించండి. ఇవాళ జాగ్రత్తగా ఉండమని ఎంతో చెప్పాను."

"లేదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్. "పొంగు రాలేదు. ఒక్క మాట కూడా అనలేదు."

అవతల ఆమె ఊపిరి వదలడం వినిపించింది.

"నిజమా? అయితే ఆ కుర్చీ..."

"ఇచ్చామమ్మా."

"చల్లగా ఉండండి బాబూ. మీ కడుపు చల్లగుండ." ఆమె ఫోన్ పక్కకి పెట్టి కూతురిని పిలవడం, "మీ నాన్నకి కుర్చీ ఇచ్చారే," అని చెప్పడం, ఆ పిల్ల నవ్వడం, అన్నీ సూపర్‌వైజర్‌కి స్పష్టంగా వినిపించాయి. "బాబూ, ఉన్నారా? ఇంకా బయల్దేరలేదా ఆయన? ఒకసారి ఇవ్వండి, మాట్లాడతాను."

సూపర్‌వైజర్ నోరు తెరిచాడు. గోడవార నిలబడ్డవాళ్లందరూ, ఎవరూ చెప్పకుండానే, ఒక అడుగు వెనక్కి వేసి ముఖాలు అటు తిప్పుకున్నారు.

పిండే మెషీన్ మూత మీద ఆ దుప్పటి మిగిలింది. ఉతికిన వాటిలో వేయాలో, ఉతకాల్సిన వాటిలో వేయాలో చెల్లెమ్మకి తోచక, ఒక్కతే ఎలాగో మడిచి అక్కడ పెట్టి వెళ్లింది. తెల్లగా, శుభ్రంగా, ఒక మూల లేకుండా ఉంది. కత్తెర వంకరగా పోయిన చోట పోగులు లేచి, అంచు నుంచి నీళ్లు ఇంకా బొట్టు బొట్టుగా కారుతున్నాయి.